మా ఆయన కాగితాల్లో కాపురం చేస్తాండాడు సార్

పథకాలకి రూల్స్ రాసే అమరావతి సార్లకి, మేడమ్‌లకి, ఆ రూల్స్ ముందర పెట్టుకుని సోమవారం సోమవారం మా అర్జీలు తీసుకునే మా అనంతపురం జిల్లా ఆఫీసర్లకి నమస్కారం చేసి రాసుకునేది.

నేను రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుడతాను సార్. నాకు 33 ఏళ్ళు. పాప ఎనిమిదో తరగతి, పిల్లోడు నాలుగు, ఇద్దరూ గవర్నమెంట్ స్కూలే. మా ఆయన మమ్మల్ని ఇడిసిపెట్టి పోయి అయిదేళ్ళు దాటింది. పేర్లు రాయను, నాదీ రాయను ఆయనదీ రాయను, పేరు రాస్తే ఇది నా ఒక్కదాని ఇంటి గొడవ అయిపోతుంది, మా షెడ్డులోనే నాలాంటోళ్ళు నలుగురున్నారు. అర్జీగా మూడుసార్లు రాసిచ్చినా సార్, అర్జీ ఫారంలో గళ్ళుంటాయి కదా, ఆ గళ్ళలో నా సంగతి పట్టడంలేదు, అందుకే ఇట్లా అందరూ చదివేట్టు రాస్తాండా. ఇంటర్ దాకా చదివినా, తప్పులుంటే సర్దుకోండి.

ముందు కారు సంగతి చెప్తా.

2025 జూన్ 12న స్కూలు పిల్లల తల్లులకి గవర్నమెంటు ఇచ్చే తల్లికి వందనం డబ్బులు వదిలినారు కదా, 67 లక్షల మంది పిల్లలకి అని టీవీలో చెప్పినారు. ఆ రెండు మూడు రోజులు మా షెడ్డులో పన్నెండు మిషన్లు ఆడతాన్నా ఆ సౌండులోనే ఒక్కొక్కరి ఫోన్ టింగుమనేది వినపడతానే ఉండె. ఒకామెకి ముగ్గురు పిల్లలు, మిషన్ ఆపి లేచి నిలబడి మెసేజ్ రెండుసార్లు చదువుకుంది, మా ఓనరు కూడా ఏమనలా. పిల్లకి 15 వేలు, అందులో స్కూలు ఖర్చులకని 2 వేలు పట్టుకుని తల్లి అకౌంట్లో 13 వేలు. నాకు ఇద్దరు కాబట్టి 26 వేలు. ఆ 26 వేలల్లో ఎవరికెంత కట్టాలో ముందే సీసపెన్సిలుతో గోడ మీద రాసి పెట్టుకున్నా. ఫోన్ మోగలేదు. నాలుగో రోజు బ్యాంకులో పాస్ బుక్కు ఎక్కించుకుంటే 412 రూపాయలుంది.

మా వార్డు సచివాలయంలో లిస్టు అంటించినారంటే పోయి చూసినా. అర్హుల్లో లేను. అనర్హుల్లో ఉన్నా, పక్కన కారణం రాసుంది, నాలుగు చక్రాల వాహనం అని. నాకు నవ్వొచ్చింది సార్ నిజంగా. నాకు తెలిసిన చక్రం మిషను చక్రం ఒకటే, అదీ ఓనరుది. కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయి మంచోడు, ఆధార్ కొట్టి చూసి మెల్లగా చెప్పినాడు, "అక్కా, కారు మీ ఆయన పేరు మీద ఉంది, ఏపీ 39 బండి, మీ ఇద్దరూ ఒకే మ్యాపింగులో, అంటే గవర్నమెంటు రికార్డులో ఒకే కుటుంబంగా ఉన్నారు, సిస్టం మిమ్మల్ని కారున్న ఫ్యామిలీగా చూస్తుంది" అని. మా ఆయన కారు కొన్న సంగతి నాకు అట్లా తెలిసింది సార్. హిందూపురంలో ఇంకొకామెతో ఉంటున్నాడని తెలుసు గానీ కారు సంగతి మాత్రం గవర్నమెంటే చెప్పింది.

ఇంకా వినండి, టాక్సీ అయితే మినహాయింపు ఉందంట, ఆటోకి ట్రాక్టరుకి కూడా ఉందంట. మా ఆయనది ఓన్ బోర్డు, అంటే సొంతానికి వాడుకునే బండి. ఎల్లో బోర్డు బండి కొనుంటే నా పిల్లలకి డబ్బు పడేది. ఆయన బండికి ఏ రంగు నంబరు ప్లేటు వేయించుకున్నాడో దాన్ని బట్టి నా బిడ్డ పుస్తకాలు.

సరే మరి ఆయన పేరు తీసేయ్ నాయనా అన్నా. విడాకుల కాగితం కావాలి అన్నాడు. లేవు అన్నా. పోనీ ఆయన చనిపోయుంటే డెత్ సర్టిఫికెట్ అన్నాడు, అనేసి వాడే నాలిక కరుచుకున్నాడు పాపం. భార్యాభర్తల్ని విడగొట్టే ఆప్షను ఆ రెండిటికే ఉందంట, మూడోది లేదంట. నేను ఆ పొద్దు ఇంటికి వస్తా దారంతా అదే ఆలోచించినా, మొగుడు చచ్చిపోతే కాగితం ఉంది, కోర్టు విడగొడితే కాగితం ఉంది, గుడ్డల బ్యాగు తగిలించుకుని బస్సెక్కి పోతే మాత్రం కాగితం లేదు. అట్లా పోయినోడు ఇంట్లో ఉండడు గానీ కాగితాల్లో కాపురం చేస్తానే ఉంటాడు.

ఎన్ని కాగితాల్లో చేస్తాండాడో చెప్తే మీరే ఆశ్చర్యపోతారు. గ్యాస్ కనెక్షన్ ఆయన పేరు మీదే, దీపం పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఫ్రీ అంటారు, కానీ ముందు డబ్బు కట్టేది నేను, తిరిగి వచ్చే డబ్బు పడేది కనెక్షను ఎవరి పేరు మీదుందో వాళ్ళ అకౌంట్లో. పిల్లల ఆధార్‌కి లింకు చేసిన ఫోన్ నంబరు ఆయనది, అప్పట్లో ఇంట్లో ఉన్న ఫోన్ అదొక్కటే. ఏదన్నా అప్లై చేస్తే ఓటీపీ హిందూపురం పోతుంది. ఓటీపీ చెప్పమని ఫోన్ చేద్దామంటే నా నంబరు బ్లాకులో పెట్టినాడు. చివరికి పిల్లల్ని తీసుకుని ఆధార్ సెంటర్ కాడ రెండు పొద్దులు నిలబడి నంబరు మార్పించుకున్నా, రెండు రోజుల కూలి పోయింది, అది వేరే లెక్క. వారం వారం కట్టే లోన్ ఫారంలో కూడా ఆయన ఉన్నాడు సార్, భర్త ఆదాయం అనే గడి ఖాళీగా ఉంటే లోన్ రాదని ఆ ఏజెంటే నెలకి 15 వేలు అని రాసేసుకున్నాడు. ఆ 15 వేలు నేను ఒక్క నెల చూసింటే ఆ లోనే తీసుకుందును కాదు.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. మా నాయన పోయి పదేళ్ళు, అమ్మకి వితంతు పింఛను వస్తుంది, 2024 జులై నుంచి 4 వేలు చేసినారు, అబద్ధం చెప్పకూడదు, ఒకటో తేదీ పొద్దున్నే ఇంటికొచ్చి ఇచ్చి పోతారు. బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, ఒలిచి ఒలిచి అమ్మ వేళ్ళు అరిగిపోయినాయి, వేలిముద్ర పడదు, మొహం స్కాన్ చేసి ఇస్తారు. ఆ 4 వేలే మా ఇంటికి గ్యారంటీ డబ్బు. లాటు, అంటే కుట్టడానికొచ్చే సరుకు, ఉన్నా లేకపోయినా, నాకు జ్వరమొచ్చినా రాకపోయినా వచ్చేది అదొక్కటే. మా నాయన చచ్చిపోయి నా పిల్లల్ని సాకుతాండాడు, వాళ్ళ నాయన బతికుండి నోటికాడ కూడు తీస్తాండాడు. ఇది నేను కోపంతో అనడంలేదు సార్, పాస్ బుక్కులు రెండూ పక్కపక్కన పెడితే కనపడేది అదే.

మరి నన్ను, పిల్లల్ని అమ్మ కార్డులో ఎక్కించుకుంటే పోతుంది కదా అని మీరు అనొచ్చు, నేనూ అడిగినా. ఆ అబ్బాయే వద్దన్నాడు. "నువ్వు కారుతో సహా వస్తావక్కా, మీ అమ్మ పింఛనుకి ఎసరొస్తుంది" అన్నాడు. అప్పటినుంచి అమ్మ ఇల్లు ఒక కుటుంబం, మేము ఒక కుటుంబం, వండేది ఒకే పొయ్యి మీద.

ఇంక నా పింఛను. ఒంటరి మహిళ అని ఒక కోటా ఉంది కదా. నాకు వయసు చాలదన్నారు. అదే విడో అయితే 18 నిండితే చాలు. నేను 28కే ఒంటరిదాన్నయినా సార్, పిల్లోడికి అప్పుడు నాలుగేళ్ళు. వాళ్ళకి అన్నం, బట్ట, జ్వరమొస్తే మందులు అన్నీ కావలసింది ఇప్పుడు. వయసు నిండేనాటికి పిల్లలు పెద్దోళ్ళయి నన్ను సాకే టైమొస్తుంది. విడోకి వయసు అడ్డం లేకపోవడం న్యాయమే, ఆమెకి ఇచ్చింది తీసి నాకియ్యండి అని ఎవురన్నా అంటారా? ఆమె మొగుడు దేవుడి దగ్గరికి పోయినాడు, నా మొగుడు హిందూపురం పోయినాడు, నెల మొదట్లో రేషన్ షాపు కాడ ఇద్దరమూ ఒకే లైన్లో నిలబడతాం, అంతే నేను చెప్పేది.

నా మెళ్ళో పసుపు తాడు ఉంది. బంగారు బిళ్ళలు అమ్మేసి మూడేళ్ళయింది, తాడు మాత్రం తీయలేదు. ఎందుకు తీయలేదు అని ఒక ఆఫీసులో ఒక మేడమ్ అడిగింది, "తాళి ఉంది కదమ్మా, మరి వదిలేసినాడు అంటావేంది" అని, అందరి ముందర, గట్టిగా. మేడమ్, ఆ తాడు ఆయన కోసం కాదు. రాత్రి తొమ్మిదికి షెడ్డు నుంచి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు, ఇల్లు బాడుగకి అడిగేటప్పుడు అది నాకు ఐడీ కార్డు. ఇల్లు చూడబోతే ముందు అడిగేది అడ్వాన్సు ఎంత ఇస్తావని కాదు, మీ ఆయన ఏం చేస్తాడు అని. బెంగుళూరులో పని అని చెప్తా. అయిదేళ్ళలో మూడు ఇళ్ళు మారినా, మూడు ఇళ్ళలోనూ ఆయన బెంగుళూరులోనే పని చేస్తాండాడు. మా పక్క ఇట్లాంటి అబద్ధం ఎవురూ అనుమానించరు, కరువు సీమ కదా, సగం ఊళ్ళలో మొగోళ్ళు నిజంగానే బెంగుళూరులో ఉంటారు. వలసపోయినోడెవడో వదిలేసి పోయినోడెవడో బయటికి ఒకేమాదిరి కనపడతారు. శ్రావణ శుక్రవారం పసుపు కుంకుమకి మాత్రం మా వీధిలో నన్ను పిలవరు, అక్కడ మాత్రం నా మొగుడు లేడని అందరికీ తెలుసు. పథకం ఇచ్చే కాడ మొగుడు ఉన్నట్టు, పేరంటం కాడ లేనట్టు.

కోర్టుకి పోలేదా అంటారు. పోయినా. 2022లో మనోవర్తి కేసు, అంటే మొగుడు నెలనెలా ఖర్చులకి ఇయ్యాలని కేసు వేసినా, అప్పుడు సెక్షన్ 125 అనేవాళ్ళు, 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 144 అయింది. లాయరుకి ఒక్క రూపాయి ఇయ్యలేదు సార్, ఇది చదివే నాలాంటోళ్ళకి చెప్తాండా, 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడోళ్ళకి ఆదాయం ఎంతున్నా సరే ఉచిత లాయరు ఇవ్వాలి, 15100కి ఫోన్ చేస్తే చెప్తారు. నాకు ఇది తెలియక ముందు ఒక బ్రోకరుకి 3 వేలు ఇచ్చుకున్నా. నాకు వచ్చిన లాయరు మేడమ్ బాగా పట్టించుకుంది. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర భృతి తేల్చాలని చట్టంలో ఉందంట, వీలైనంతవరకు అనే మాట కూడా దాని పక్కనే ఉందంట. నా కేసుకి ఆ వీలు రెండేళ్ళకి కలిగింది. 2024లో నాకూ పిల్లలకీ కలిపి నెలకి 6 వేలు ఇయ్యమని ఆర్డరొచ్చింది. ఆ పొద్దు దశభుజ వినాయకుడి గుడికి పోయి టెంకాయ కొట్టినా. ఆయన రెండు నెలలు కట్టినాడు, ఆపేసినాడు.

ఆపేస్తే మళ్ళీ పిటిషన్ వేయాల, ప్రతిసారీ. బాకీ పడిన నెల నుంచి ఏడాది లోపల అడగకపోతే ఆ నెల డబ్బుకి వారంట్ ఇవ్వరంట, ఇది తెలియక కొంచెంలో పోగొట్టుకోబోయినా. వారంట్ హిందూపురం పోతుంది, ఇంటికి తాళం అని తిరిగొస్తుంది. కారు మాత్రం ఆ తాళం వేసిన ఇంటి ముందరే ఉంటుందని మా అన్న చూసొచ్చి చెప్పినాడు. ఇక్కడ చూడండి సార్ ఎట్లుందో, నాకు రావలసిన డబ్బు ఆపడానికైతే గవర్నమెంటు కంప్యూటరుకి ఆయన కారు ఒక్క నిమిషంలో కనపడింది, ఆయన ఇయ్యవలసిన డబ్బు వసూలు చేయడానికి మాత్రం అదే కారు ఎవురికీ కనపడదు. 2020లో సుప్రీంకోర్టు రజనేష్ వర్సెస్ నేహ అనే కేసులో భార్యాభర్తలు ఇద్దరూ ఆస్తులు అప్పులు అఫిడవిట్ వేయాలని చెప్పిందంట, ఆయన వేసిన అఫిడవిట్లో కారు లేదు. లాయరు మేడమ్‌కి సచివాలయం లిస్టు ఫోటో తీసి పంపినా, నా పేరు పక్కన వాహనం అని రాసుంది కదా. ఆమె పడీపడీ నవ్వి, తర్వాత దాన్నే కోర్టులో వేసింది. ఆ ఒక్క పనికి మాత్రం మీ అనర్హుల లిస్టు పనికొచ్చింది.

విడాకులు తీసేసుకోవచ్చు కదా అని కూడా అంటారు. ఆయన ఒప్పుకుంటే త్వరగా అవుతుంది, ఒప్పుకోవడానికి ఆయన అడిగేది ఏందంటే మనోవర్తి వదిలేయమని. అంటే నెలకి 6 వేలు వదులుకుంటే ఏడాదికి 26 వేలు వచ్చే కాగితం చేతికొస్తుంది. లెక్క మీరే వేసుకోండి. ఒప్పుకోకపోతే ఏళ్ళు పడుతుంది, అందాకా పిల్లలు కారున్నోళ్ళే.

లాయరు మేడమే ఒక మాట చెప్పింది, 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద విడాకులు తీసుకున్నోళ్ళు 13.6 లక్షల దాకా ఉంటే, విడాకులు లేకుండా విడిపోయి ఉంటున్నోళ్ళు దానికి రెండున్నర రెట్లు పైనే, దాదాపు మూడు రెట్లు ఉన్నారంట. అంటే జనాభా లెక్కల వాళ్ళ దగ్గర నాలాంటిదాన్ని రాసుకోవడానికి ఒక గడి ఉంది. ఆ గడి మీ హౌస్‌హోల్డ్ మ్యాపింగులోనే లేదు. పాన్ కార్డుకి 2018 డిసెంబరు నుంచి తల్లి ఒక్కతే సాకే పిల్లలైతే తండ్రి పేరు అక్కర్లేదంట. పాస్‌పోర్టుకి అంతకు రెండేళ్ళ ముందే తల్లో తండ్రో ఎవరో ఒకరి పేరు చాలని చేసినారంట. నాకు పాన్ కార్డు దేనికి సార్, పాస్‌పోర్టు దేనికి, నేను యాడికి పోవాల? నాకు కావలసింది ఆయన పేరు లేని బియ్యం కార్డు.

మా పని సంగతి కొంచెం చెప్తా, మీకు ఇక్కడి లెక్క తెలియాలి కదా. పీసుకింత అని కూలి. నేను జిప్పులు వేస్తా, లూపులు వేరేవాళ్ళు, బాటమ్ వేరేవాళ్ళు. లాటు ఫుల్లుగా ఉంటే వారానికి 2300 దాకా వస్తుంది, బళ్ళారి నుంచి సరుకు రాకపోతే 1200, కొన్ని వారాలు అదీ లేదు. శనివారం బట్వాడా. ఇంటి బాడుగ 2500. పాపకి ఈ ఏడు నుంచి నెలనెలా ప్యాడ్లు ఒక ఖర్చు, అడగడానికి సిగ్గుపడి నోట్ బుక్కు కావాలని అడుగుతుంది, నాకు తెలుసు అది నోట్ బుక్కు కాదని. పొద్దున ఉగ్గానో బొరుగులో, మధ్యాహ్నం పిల్లలకి బళ్ళో అన్నం పెడతారు, ఆ పూట నేను తినను అని చెప్పను, రవంత సంగటి, ఊరిబిండి, అంతే. కందిపప్పు చేస్తే మా ఇంట్లో పండగ కింద లెక్క.

లోన్ సంగతి. 2023లో అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు 40 వేలు తీసుకున్నా, తర్వాత దాన్ని కట్టడానికి ఇంకోటి. పొదుపు సంఘంలో ఉంటే వడ్డీ తక్కువే, కానీ మూడు నెలలు పొదుపు కట్టలేక మా గ్రూపు నుంచి నన్ను తీసేసినారు, వాళ్ళని కూడా అనలేను, నా ఒక్కదాని వల్ల గ్రూపు మొత్తానికి బ్యాంకు లోన్ ఆగిపోతుంది. బుధవారం పొద్దున ఏడింటికి మీటింగు, 780 రూపాయలు. ఒక బుధవారం లేకపోతే ఆ లోన్ వసూలు చేసే పిల్లోడు రాత్రి ఎనిమిదింటికి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు, డబ్బు చేతిలో పడేదాకా లేవనని. ఇరవై రెండేళ్ళుంటాయేమో వాడికి, వాడికీ పైన ఎవరో టార్గెట్ పెట్టుంటారు. రిజర్వ్ బ్యాంకు 2022 రూల్స్ ప్రకారం ఈ చిన్న లోన్లకి పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ కూడా చేయకూడదు, కట్టవలసిన కిస్తీలన్నీ కలిపి కుటుంబం ఆదాయంలో సగం దాటకూడదు. ఆ రూల్లో కూడా కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. అందుకే నా ఫారంలో ఆ దొంగ 15 వేలు పుట్టినాయి. లేని మొగుడి జీతం చూసి అప్పిచ్చినారు, ఉన్న ఆడదాని దగ్గర వసూలు చేస్తాండారు.

మనసు సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినా. రాస్తా. పోయిన ఏడు రాత్రిళ్ళు మూడింటికి మెలకువ వచ్చేది, గుండె దడదడ, చేతులు చెమట. ఏఎన్ఎం అక్క బీపీ చూసి, ఈ వయసుకి ఇంత ఎట్లా అనింది. మాత్రలు ఇచ్చింది, ఆలోచించొద్దు అని చెప్పింది. ఆలోచించకుండా ఉండే మాత్ర ఉంటే ఇయ్యక్కా అన్నా. ఒక రాత్రి పిల్లలు ఇద్దరూ నిద్రపోతాంటే నాకు రాకూడని ఆలోచన వచ్చింది, దాని గురించి ఇంతకు మించి రాయను. గోడ మీద సచివాలయం వాళ్ళు అంటించిన కాగితంలో టెలీ మానస్ 14416 అని చూసింది గుర్తొచ్చి చేసినా. 24 గంటలూ ఉంటారు, డబ్బులు లేవు, తెలుగులో మాట్లాడతారు. అవతల ఆడమనిషి మొదట అడిగిన మాట, "తిన్నావా అమ్మా" అని. అయిదేళ్ళలో నన్ను ఆధార్ అడిగినోళ్ళున్నారు, కేసు నంబరు అడిగినోళ్ళున్నారు, మొగుడు యాడున్నాడని అడిగినోళ్ళు లెక్కలేదు. చాలాసేపు ఏడ్చినా. తెల్లారి పనికి పోయినా. ఇది చదివే ఎవురికన్నా అట్లాంటి రాత్రి వస్తే ఆ నంబరు రాసిపెట్టుకోండి. కానీ సార్లూ, 14416 లో మాట్లాడే ఆమె నాకు ధైర్యం చెప్పగలదు గానీ మ్యాపింగు మార్చలేదు కదా, బీపీ మాత్రకీ అంతే, మళ్ళీ బుధవారం వస్తుంది.

మిషన్ వాత్సల్య అని సెంట్రల్ పథకం ఒకటి ఉంది, ఇది మా పక్క నూటికి తొంభై మంది ఆడోళ్ళకి తెలీదని నా నమ్మకం. తల్లి విడో అయినా, విడాకులు తీసుకున్నా, కుటుంబం వదిలేసినా, ఆ బిడ్డకి నెలకి 4 వేలు, ఏడాది ఆదాయం పల్లెల్లో 72 వేలు, టౌన్లలో 96 వేలు దాటకూడదు. వదిలేసిన అనే మాట అందులో రాసి ఉంది సార్! నేను ఆ లైను అంగన్‌వాడీ టీచర్ ఫోన్లో చూసి, స్క్రీన్ షాట్ తీసిపెట్టుకున్నా. అప్లికేషన్ ఇచ్చినా, దానికి ఆదాయం సర్టిఫికెట్ కావాలి, ఆదాయం సర్టిఫికెట్టుకి పోతే మళ్ళీ మీ ఆయన ఆదాయం ఎంత అని అడిగినారు. అది దాటుకుని ఇచ్చినా. ఫండ్ వస్తే లిస్టులో పెడతామన్నారు. ఎవరి తర్వాత నా నంబరో చెప్పే లిస్టు ఒకటి గోడకి అంటించండి చాలు, ఎదురుచూడటం మాకు అలవాటే, ఎంతమంది వెనకున్నామో తెలీక ఎదురుచూడటం కష్టం.

మీరు ఏం అనుకుంటారో నాకు తెలుసు. విడిగా ఉన్నాము అని చెప్తే చాలు అంటే ఊళ్ళో అందరూ దొంగ విడిపోవడాలు రాయించుకుంటారు అని. నిజమే, చేసేవాళ్ళు ఉంటారు. పింఛను కోసం ఒకే ఇంట్లో ఉంటా రెండు కుటుంబాలని రాయించుకున్నోళ్ళు నాకు తెలుసు, మీకూ తెలుసు. కానీ అయిదేళ్ళు ఇంట్లో లేని మొగోడిని ఎట్లా దాచుతారు సార్? సచివాలయంలో మహిళా పోలీస్ ఉంది, అంగన్‌వాడీ టీచరు ఉంది, మా వీధి కొసన దోసెలంగడి అవ్వ ఉంది, ఆమెని అడిగితే ఎవరింటికి ఎవరు ఎన్నింటికి వచ్చిపోతారో టైముతో సహా చెప్తుంది. నాలుగిళ్ళు అడిగి పంచనామా రాసుకోండి. అది నమ్మకపోతే కోర్టులో మనోవర్తి కేసు నంబరు ఉంది కదా, కాపురం చేసుకునేవాళ్ళు ఎవరన్నా రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరుగుతారా? ఆ కేసు నంబరు వేస్తే విడగొట్టేట్టు ఒక ఆప్షను పెట్టండి. పర్మనెంటుగా వద్దు, ఏడాదికోసారి చెక్ చేసుకోండి, ఆయన తిరిగొచ్చి నా ఇంట్లో అన్నం తింటాంటే ఆ పొద్దే తీసేయండి, నేనే ఫోన్ చేసి చెప్తా. ఆయన కారు నా మీద ఎందుకు పడిందో రాసినట్టే, ఎవరి దగ్గరికి పోతే తీస్తారో, ఎన్ని రోజుల్లో తీస్తారో కూడా ఆ అనర్హుల లిస్టులోనే పక్కన రాయండి. ఒంటరి మహిళ కోటాలో చిన్న పిల్లలున్న తల్లికి వయసు చూడొద్దు. గ్యాస్ డబ్బులు సిలిండర్ దింపించుకున్నోళ్ళ ఆధార్‌కి వేయండి. ఇంకొకటి, ఇది డబ్బులతో పని లేనిది, మొగుడు యాడున్నాడు అనే ప్రశ్న లైన్లో అందరి ముందర గట్టిగా అడగొద్దని మీ స్టాఫుకి చెప్పండి. కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టి అడిగితే మేము అన్నీ చెప్తాము.

ఉచిత బస్సు మంచిది సార్, 2025 ఆగస్టు 15 నుంచి నాకు కోర్టుకి పోయే చార్జీ మిగిలింది. ఇది చెప్పకపోతే పాపం తగులుతుంది. కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం రెండున్నర గంటలు, జీరో టికెట్. కండక్టరు ఆధార్ చూసి టికెట్ ఇస్తాడు, మొగుడి పేరు అడగడు. అంత సులభంగా అయిన గవర్నమెంటు పని నా జీవితంలో అదే. మరి అట్లా చేయడం మీకు చేతనైనప్పుడు ఇదెందుకు చేతకాదు?

మొన్న పిల్లోడు అడిగినాడు, ఎవరో చెప్పినట్టున్నారు, "మా, మనకి కారు ఉందంట కదా" అని. ఉంది నాయనా, కంప్యూటర్లో ఉంది అన్నా. ఏం రంగు అన్నాడు. నాకు తెలీదు సార్. లిస్టులో రంగు రాయలేదు.

వచ్చే సోమవారం నాలుగోసారి వస్తా. నాతో పాటు మా షెడ్డు వాళ్ళు ఇద్దరు వస్తారు, ఒకామె మొగుడి పేరు మీద ఇన్‌కమ్ టాక్స్ చూపిస్తా ఉంది, ఇంకొకామెది కరెంటు, మూడు పోర్షన్లకి ఒకటే మీటరు, 300 యూనిట్లు దాటిందని. కోర్టు ఆర్డరు కాపీ, వారంట్ తిరిగొచ్చిన కాగితం, అనర్హుల లిస్టు ఫోటో తెస్తా. మధ్యాహ్నం రెండింటి బస్సు తప్పిపోతే రాత్రి లాటు పోతుంది, కాబట్టి మమ్మల్ని కొంచెం ముందు పిలిస్తే మంచిది.

కరెంటు వచ్చింది, ఓనరు చూస్తాండాడు. ఇంకా 140 జిప్పులున్నాయి.

ఇట్లు,
రాయదుర్గం నుంచి ఒక జీన్స్ టైలరు